క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్' (1981): ఒక పాట చేర్చాలంటే ఒక పాట తీయాలి

కోఠీ_క్యాసెట్ (హైదరాబాద్):

సభ్యులందరికీ నమస్కారం. బ్రిటన్ రాక్ బృందం క్వీన్ 1981లో తెచ్చిన 'గ్రేటెస్ట్ హిట్స్' పేరు ఇక్కడ ఏదో ఒక సందర్భంలో వస్తూనే ఉంటుంది గాని, ఆ సంకలనాన్నే ముందు పెట్టుకుని మనం మాట్లాడుకున్నది లేదు. బ్రిటన్‌లో ఇప్పటివరకు అత్యధికంగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అదే. అక్కడ 60 లక్షల ప్రతులు దాటిన మొదటి ఆల్బమ్‌గా 2014లోనూ, 70 లక్షలు దాటిన మొదటి ఆల్బమ్‌గా 2022లోనూ అది నమోదయింది. ఇంతమంది కొన్న సంకలనం ఆ బృందాన్ని మనకు చూపిస్తోందా, లేక పదిహేడు పాటల చాటున దాచేస్తోందా అన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం.

నేను మొదట విన్నది అసలు ప్రతి కాదని ముందే ఒప్పుకుంటాను. డిగ్రీ చదివే రోజుల్లో కోఠీలో ఒక దుకాణంలో ఖాళీ క్యాసెట్ ఇస్తే, కోరిన రికార్డు దాని మీదకి ఎక్కించి ఇచ్చేవారు. ఈ సంకలనం ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) మీద ఒక్కో వైపు దాదాపు 29 నిమిషాలు ఉంటుంది కాబట్టి 60 నిమిషాల క్యాసెట్‌కు అది కొలిచి కుట్టినట్టు సరిపోవాలి. అయితే ఆ దుకాణదారు పాటకూ పాటకూ మధ్య ఖాళీ ధారాళంగా వదిలినందువల్ల, మొదటి వైపు చివరనున్న 'సేవ్ మీ' పూర్తికాకముందే టేపు అయిపోయింది. ఆ పాట అలాగే హఠాత్తుగా తెగిపోతుందని, అదొక గొప్ప ప్రయోగమని నేను మిత్రులకు చాలాకాలం వివరించి చెప్పాను.

ఇక విషయానికి వస్తాను. 'ఆ పాట ఉండాల్సింది, ఈ పాట ఉండాల్సింది' అనడం సులభం. ఎల్పీ మీద చోటు లేదు కనుక ఈ చర్చకు ఒక నియమం పెడుతున్నాను: ఒక పాట చేర్చాలన్నవారు ఒక పాటను తీసి చూపించాలి, చేర్చే పాట ఆ సంకలనం నాటికి వచ్చినదై ఉండాలి. నా వరకు నేను 'ఫ్లాష్'ను తీసి 'టై యువర్ మదర్ డౌన్'ను పెడతాను.

ఎర్రగిటారు (విశాఖపట్నం):

మీ మార్పిడి వల్ల కనీసం గిటారిస్టు బ్రయన్ మేకు నష్టం లేదు, ఎందుకంటే ఆ రెండు పాటలూ ఆయన రాసినవే. కానీ దీని పేరు 'గ్రేటెస్ట్ హిట్స్' అన్న సంగతి మరచిపోతున్నారు. ఇది ఉత్తమమైన పాటల జాబితా కాదు, జనం కొన్న పాటల జాబితా. 'ఫ్లాష్' బ్రిటన్ అమ్మకాల పట్టికలో 10వ స్థానం దాకా వెళ్లింది. 'టై యువర్ మదర్ డౌన్' 31 దగ్గరే ఆగిపోయింది. అలాంటప్పుడు రెండోదాన్ని 'హిట్' అని అట్ట మీద అచ్చువేయడం అబద్ధమే అవుతుంది. కచేరీలలో ఆ పాటకు జనం లేచి నిలబడతారన్నది వేరే లెక్క.

డ్రమ్ముల_వెనక (చెన్నై):

లెక్కల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక లెక్క చెబుతాను. ఈ పదిహేడింటిలో గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసినవి 10, బ్రయన్ మే రాసినవి 5, బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ రాసినవి 2. డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ రాసినవి సున్న. నలుగురూ పాటలు రాసే బృందమని చెప్పుకునే క్వీన్‌కు, ఆ నలుగురి ముఖాలూ అట్ట మీద ఉన్న ఆల్బమ్‌లో, ఒకాయన పాట ఒక్కటీ లేదు. లార్డ్ స్నోడన్ తీసిన ఆ ఛాయాచిత్రాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ సున్నాయే గుర్తొస్తుంది.

దీనికి మీరు చెప్పబోయే సమాధానం నాకు తెలుసు. అప్పటికి టేలర్ రాసిన పాట ఒక్కటీ క్వీన్ సింగిల్‌లో ముందు వైపున రాలేదు (సింగిల్ అంటే సాధారణంగా ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు), కాబట్టి 'హిట్స్'లో ఎలా వస్తుందని అంటారు. నిజమే. ఆయన పాట 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' 1975లో 'బోహీమియన్ రాప్సొడీ' సింగిల్‌కు వెనక వైపున వచ్చింది. ఆ సింగిల్ బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. సింగిల్ అమ్మకాల మీద వచ్చే రచయిత సొమ్ము ముందు వైపు పాటకూ వెనక వైపు పాటకూ సమానం కాబట్టి, ఆ వారాలన్నీ మెర్క్యురీకి ఎంత వచ్చిందో టేలర్‌కూ అంతే వచ్చింది. అది బృందంలో కొంత కినుకకు కారణమైందని తరువాత వాళ్లే చెప్పుకున్నారు. డబ్బులో సగం పొందిన పాటకు సంకలనంలో మూడు నిమిషాల చోటు దక్కలేదు. నా మార్పిడి ఇదీ: 'ప్లే ద గేమ్' తీసి 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' పెట్టాలి.

ఆల్బమ్‌వాది (గుంటూరు):

క్షమించాలి, నేను మీ ఆటలో చేరలేను. నా ఉద్దేశంలో తీయవలసింది ఒక పాట కాదు, మొత్తం పదిహేడూ తీసి వాటి వాటి ఇళ్లకు పంపించాలి. 'గ్రేటెస్ట్ హిట్స్' విని క్వీన్‌ను విన్నామనుకోవడం తిరుపతి వెళ్లి, కొండ ఎక్కకుండా, కింద లడ్డూ కొనుక్కుని తిరిగి రావడం లాంటిది. లడ్డూ బాగుంటుంది, కాదనను.

ఒక ఉదాహరణ చెబుతాను. 'సెవెన్ సీస్ ఆఫ్ రై' అన్నది 1974 నాటి 'క్వీన్ 2' ఆల్బమ్‌లో చిట్టచివరి పాట. ఆ ఆల్బమ్‌కు ఒక వైపు తెలుపు, మరో వైపు నలుపు అని పేర్లు పెట్టారు. తెల్లవైపు పాటలు ఒకటి తప్ప అన్నీ బ్రయన్ మేవి, నల్లవైపు అంతా మెర్క్యురీది. నల్లవైపున దయ్యాలూ రాజ్యాలూ రాణులూ ఊపిరి సలపకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాక, చివరికి ఈ పాట వచ్చి, సముద్రపు ఒడ్డున నిలబడి జనమంతా కలిసి పాడుకునే ఒక పాత ఇంగ్లీషు పాటలోకి కరిగిపోతుంది. అదే ఏడాది వచ్చిన తరువాతి ఆల్బమ్ 'షీర్ హార్ట్ అటాక్' ఎలా మొదలవుతుందో తెలుసా? ఎవరో అదే బాణీని ఈలవేస్తూ నడిచివెళ్లడంతో. ఒక ఆల్బమ్ తలుపు మూస్తూ అన్న మాటను తరువాతి ఆల్బమ్ తలుపు తీస్తూ అందుకుంటుంది. సంకలనంలో ఆ పాటకు ముందు 'ఫ్లాష్' ఉంది, వెనక 'వి విల్ రాక్ యు' ఉంది. ఆ ఇరుగుపొరుగుల మధ్య ఆ చివరి బృందగానం ఎందుకొచ్చిందో వినేవారికి ఎలా తెలుస్తుంది?

ఇక 'ద ప్రాఫెట్స్ సాంగ్' వంటి ఎనిమిది నిమిషాల పాటకు ఇలాంటి సంకలనంలో ఎప్పటికీ చోటుండదు. మెర్క్యురీ పాంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో చదివాడని, అక్కడే 'ద హెక్టిక్స్' అనే బృందంలో పియానో వాయించాడని మన పత్రికలు ఏటా రాస్తాయి గాని, ఆయన బృందం చేసిన ఇలాంటి పెద్ద పనుల గురించి ఒక్క వాక్యం రాయవు.

వేదిక_నిర్వాహకులు:

సభ్యులకు ఒక మనవి. పాంచ్‌గని సంగతిపై మునుపే ప్రత్యేక చర్చ నడిచింది కాబట్టి, ఇక్కడ సంకలనం మీదే ఉందాం.

సూది_గాడి (బెంగళూరు):

ఇంతవరకు ఎవరూ దీన్ని వస్తువుగా చూడలేదు కనుక నేను ఆ వైపు నుంచి మాట్లాడతాను. నా దగ్గర బ్రిటన్ ఎల్పీ ఉంది. పదిహేడు పాటలు, మొత్తం దాదాపు 58 నిమిషాలు, ఒక్క రికార్డు మీద. ఎల్పీ ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాల లోపు ఉంటే గాడులు విశాలంగా, లోతుగా కోయవచ్చు. దాన్ని 29కి లాగితే గాడులను దగ్గర దగ్గరగా ఇరికించాలి. అలా ఇరికించాలంటే శబ్దం స్థాయి తగ్గించాలి, ముఖ్యంగా మంద్రస్వరాలను తగ్గించాలి, ఎందుకంటే గాడిని ఎక్కువగా అటూ ఇటూ ఊపేవి అవే.

దీని ఫలితం వినాలంటే 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్'ను రెండు రికార్డుల మీద వినండి. ఆ పాటకు ప్రాణం జాన్ డీకన్ వాయించిన బేస్ గిటారే. మిగతా వాద్యాలన్నీ దాని చుట్టూ చేతులు కట్టుకుని నిలబడతాయి. 1980 నాటి 'ద గేమ్' ఎల్పీ రెండు వైపులా కలిపి 35 నిమిషాలే కనుక, అందులో ఆ బేస్ గది నేలలోంచి వచ్చినట్టు ఉంటుంది. సంకలనంలో అదే పాట పక్కింటి గోడ అవతలి నుంచి వినిపించినట్టు ఉంటుంది. అందులోనూ రికార్డు లోపలికి వెళ్లేకొద్దీ గాడి చుట్టుకొలత చిన్నదై, సూది కింద గాడి కదిలే వేగం తగ్గి, పై స్వరాలు చెదురుతాయి. ఆ చివరి గాడుల్లో ఏ పాటలు పడ్డాయో చూడండి: ఒక వైపు 'సేవ్ మీ', మరో వైపు 'వి ఆర్ ద ఛాంపియన్స్'. గొంతు అత్యంత ఎత్తుకు వెళ్లే పాటలను తెచ్చి అత్యంత ఇరుకైన చోట కూర్చోబెట్టారు.

కాబట్టి 'కోఠీ క్యాసెట్' గారి నియమాన్ని నేను కొంచెం సవరిస్తాను. నేను మూడు పాటలు తీసి, ఒక్కటీ చేర్చను.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ):

'సూది గాడి' గారూ, మీరు కోరిన సంకలనాన్ని ఎలెక్ట్రా సంస్థ 1981లోనే అమెరికాలో విడుదల చేసింది. ఆ ప్రతిలో పద్నాలుగు పాటలే ఉన్నాయి. బ్రిటన్ జాబితాలోంచి 'డోంట్ స్టాప్ మీ నౌ', 'సేవ్ మీ', 'నౌ ఐయామ్ హియర్', 'గుడ్ ఓల్డ్-ఫ్యాషన్డ్ లవర్ బాయ్', 'సెవెన్ సీస్ ఆఫ్ రై' అన్న ఐదింటిని తీసి, 'అండర్ ప్రెషర్', 'కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్' అన్న రెండింటిని చేర్చారు. మొదటి పాట కూడా మారింది. ఇక్కడ 1980లో మొదటి స్థానానికి చేరిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్'నే ముందు పెట్టారు. అంటే మనం 'గ్రేటెస్ట్ హిట్స్' అని ఏకవచనంలో మాట్లాడుకుంటున్న వస్తువు దేశానికొక రూపంలో ఉంది.

నా అనుభవం ఇంకా విచిత్రమైనది. నేను 1990లలో ఇక్కడికి వచ్చిన కొత్తలో పాత రికార్డుల దుకాణంలో క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్' అని ఉన్న ఎర్ర అట్ట సీడీని కొన్నాను. ఇంటికి వచ్చి రెండుసార్లు మొదటి నుంచి చివరి దాకా వెతికినా అందులో 'బోహీమియన్ రాప్సొడీ' లేదు. సీడీ లోపభూయిష్టమైనదనుకుని తిరిగి ఇవ్వడానికి వెళ్తే, కౌంటరు దగ్గరి కుర్రవాడు నవ్వి విషయం చెప్పాడు. హాలీవుడ్ రికార్డ్స్ వారు 1992లో ముందు 'క్లాసిక్ క్వీన్' అనే సంకలనాన్ని తెచ్చి, ఆ పాటను అందులో పెట్టేసి, తరువాత తెచ్చిన ఎర్ర 'గ్రేటెస్ట్ హిట్స్'లో దాన్ని మళ్లీ పెట్టలేదట. పెళ్లికొడుకు లేని పెళ్లి ఫోటోల ఆల్బమ్ లాంటిది నా చేతికి వచ్చింది. రెండో సీడీ కూడా కొనక తప్పలేదు, బహుశా వారి ఆలోచన కూడా అదే అయి ఉంటుంది.

నా మార్పిడి: బ్రిటన్ ప్రతిలో 'ఫ్లాష్' తీసి 'అండర్ ప్రెషర్' చేర్చాలి. 1981 వేసవిలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో బ్రిటన్ గాయకుడు డేవిడ్ బోవీతో కలిసి రికార్డు చేసిన ఆ పాట, ఆ నవంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. సంకలనమూ అప్పుడే దుకాణాల్లో ఉంది. పక్కపక్కనే అమ్ముడుపోతున్నా పాట మాత్రం లోపల లేదు. బ్రిటన్ శ్రోతలకు అది 1982లో 'హాట్ స్పేస్' ఆల్బమ్‌లోనూ, 1991లో 'గ్రేటెస్ట్ హిట్స్ 2'లోనూ దొరికింది.

ఎర్రగిటారు (విశాఖపట్నం):

'ఎడిసన్ నుంచి' గారి మార్పిడి ఒక్కటే ఇంతవరకు పేరుకు న్యాయం చేసేది. మొదటి స్థానానికి వెళ్లిన పాటను 'హిట్' కాదనడం ఎవరి తరమూ కాదు. నా పాత మాట వెనక్కి తీసుకుని 'ఫ్లాష్'ను వదులుకుంటున్నాను. ఎంత అభిమానం ఉన్నా, 'ఫ్లాష్ గోర్డన్' సినిమాలోని సంభాషణలు మధ్యమధ్యలో వినిపించే ఆ పాట ఈ వరసలో చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

అయితే 'ఆల్బమ్‌వాది' గారి మాట మీద నాకొక అభ్యంతరం ఉంది. సంకలనం ప్రతి పాటనూ ఇంటి నుంచి వెళ్లగొట్టిందన్నారు. ఒకచోట అది విడిపోయినవారిని కలిపింది కూడా. 'ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్', 'బైసికిల్ రేస్' అన్నవి 1978లో ఒకే సింగిల్‌కు రెండు ముందు వైపులుగా వచ్చిన జంట పాటలు. ఒకటి మే రాశాడు, మరొకటి మెర్క్యురీ రాశాడు, ఒకదానిలో మరొకదాని ప్రస్తావన వస్తుంది. అదే ఏడాది వచ్చిన 'జాజ్' ఆల్బమ్‌లో ఆ రెండింటి మధ్యకు 'జెలసీ' అనే పాట వచ్చి కూర్చుంది. సంకలనంలో మాత్రం అవి పక్కపక్కన ఉన్నాయి. మొదటి పాట చివర సైకిళ్లెక్కమని కేక వినపడటమూ, వెంటనే రెండో పాట సైకిలు మాటతోనే మొదలుకావడమూ చూస్తే, ఇవి ఇలాగే ఉండవలసినవని తెలుస్తుంది. ఇక్కడ తప్పు ఆల్బమ్‌ది, ఒప్పు సంకలనానిది.

మరి మీరు పట్టుకోవలసిన అసలు తప్పును పట్టుకోలేదు. ఈ సంకలనం దాచిపెట్టేది కాలాన్ని. 1970లలో వచ్చిన తొలి ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యం) వాడలేదని క్వీన్ గర్వంగా అచ్చువేసుకునేది. అది ఊరికే చెప్పుకున్న గొప్ప కాదు. 'కిల్లర్ క్వీన్'లో ఒక్కో స్వరాన్నీ ఒక్కో గిటారు అందుకుని, అన్నీ గంటల్లా ఒకదాని మీద ఒకటి మోగే చోటు ఉంది. అదంతా మే తన తండ్రితో కలిసి, పాత పొయ్యిగూటి చట్రంలోని కర్రతో ఇంట్లో చేసుకున్న ఎర్ర గిటారు మీద, పిక్‌కు బదులు ఆరు పెన్నీల నాణెంతో వాయించి, పొర మీద పొరగా రికార్డు చేసినది. ఆ నిష్ఠ 1980లో 'ద గేమ్'తో ముగిసింది, ఆ ఆల్బమ్ మొదటి పాట 'ప్లే ద గేమ్' మొదట్లోనే సింథసైజర్ దూసుకువస్తుంది. ఆ రోజుల్లో అభిమానులకు అదొక పెద్ద వార్త. సంకలనంలో ఆ పాట 1977 నాటి 'గుడ్ ఓల్డ్-ఫ్యాషన్డ్ లవర్ బాయ్' తరువాత ఏమీ జరగనట్టు వచ్చి నిలబడుతుంది. పాటలను కాలక్రమంలో పెట్టి ఉంటే ఏడేళ్లలో ఒక బృందం ఎలా మారిందో ఒక గంటలో వినపడేది.

రెండో_తరం (వరంగల్):

పెద్దలందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, ఇక్కడ చెప్పిన ఎల్పీ గాని క్యాసెట్ గాని నేను చేత్తో పట్టుకోలేదు. ఫోన్‌లో ఈ ఆల్బమ్ వింటాను, అది కూడా వరస కలిపేసి వింటాను కాబట్టి ఏ పాట తరువాత ఏది రావాలో నాకు తెలియదు. నా అభిప్రాయానికి ఇక్కడ చోటుందో లేదో గాని ఒక్క మాట చెప్పాలనిపించింది.

మా తరంలో క్వీన్ అనగానే ముందు పేరొచ్చేది 'డోంట్ స్టాప్ మీ నౌ'. 'ఎడిసన్ నుంచి' గారు దాన్ని అమెరికా ప్రతిలోంచి తీసేశారని చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. వెతికి చూస్తే 1979లో అది బ్రిటన్‌లో 9వ స్థానానికే వెళ్లిందని తెలిసింది. అంటే సంకలనం వచ్చిన రోజున అది ఒక మోస్తరు పాట, ఈ రోజున అందులోని అత్యంత ఇష్టమైన రెండు మూడు పాటల్లో ఒకటి. అలాంటప్పుడు 'హిట్' అన్నది 1981లో కొలిచి అక్కడితో ఆపేయవలసిన లెక్కేనా? ఈ ఆల్బమ్‌లో ఉండటం వల్లనే ఆ పాట ఇన్ని ఇళ్లలో బతికి ఉండి మా దాకా వచ్చిందని నాకనిపిస్తుంది. సంకలనం హిట్లను పోగుచేయడమే కాదు, కొన్నింటిని తయారు చేస్తుంది కూడా.

ఇంకొక సంగతి. 2023లో పిల్లల కోసం తయారుచేసిన ఒక ఆడియో పరికరానికి ఇచ్చిన ప్రతిలోంచి 'ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్'ను తీసేశారు. 'ఎర్రగిటారు' గారు చెప్పింది చదివాక, ఆ పిల్లలు 'బైసికిల్ రేస్'ను ఒంటరిగా వింటున్నారన్నమాట అనుకున్నాను.

ఆల్బమ్‌వాది (గుంటూరు):

'రెండో తరం' బాబూ, నీ అభిప్రాయానికి ఇక్కడ చోటెందుకు లేదు? పైగా నువ్వు చెప్పిన మాటకు నా దగ్గర వెంటనే సమాధానం లేదు. అయితే వరస కలిపేసి వినడం మాత్రం మానుకో నాయనా. ఈ సంకలనాన్ని నేను మెచ్చుకోను గాని, కూర్చినవారు వరస గురించి ఆలోచించలేదని కూడా అనను. నాకు మింగుడుపడనిది మొదటి పాట. 'బోహీమియన్ రాప్సొడీ'ని తెచ్చి మొట్టమొదట పెట్టడమంటే, అతిథి కాళ్లు కడుక్కుని కూర్చోగానే పరమాన్నం గిన్నె ముందు పెట్టినట్టుంది. ఆరు నిమిషాల పాటు లాలిపాట, ఒపెరా, రాక్ అన్నీ విన్నాక ఇంకేం వింటాడు?

కోఠీ_క్యాసెట్ (హైదరాబాద్):

'ఆల్బమ్‌వాది' గారూ, మీరు గుంటూరులో ఉంటూ ఈ మాట అనడం ఆశ్చర్యంగా ఉంది. మన పెళ్లి విస్తళ్లలో తీపి ముందే వడ్డిస్తారు కదా! ఆ తరువాతే పప్పు, కూర, పులుసు, చివరికి పెరుగు. ఆ లెక్కన ఈ సంకలనం కూర్చినవారు విస్తరి పద్ధతి తెలిసినవారే. మొదట పరమాన్నం వడ్డించి, చివర 'వి విల్ రాక్ యు', 'వి ఆర్ ద ఛాంపియన్స్' పెట్టారు. 1977 నాటి 'న్యూస్ ఆఫ్ ద వరల్డ్' ఆల్బమ్‌లో ఆ రెండూ మొదటి రెండు పాటలు, కచేరీల్లో చివరివి. సంకలనం ఆల్బమ్ పద్ధతిని కాక కచేరీ పద్ధతిని పాటించింది.

డ్రమ్ముల_వెనక (చెన్నై):

వడ్డన సంగతి సరే, వంటవాడి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నా మార్పిడికి ఎవరూ మద్దతివ్వకపోవడం గమనించాను.

ఎర్రగిటారు (విశాఖపట్నం):

మద్దతివ్వలేను గాని మీ బాధకు ఒక మందు చెబుతాను. 'సమ్‌బడీ టు లవ్' మళ్లీ వినండి. చర్చిలో నిండు బృందం నిలబడి పాడుతున్నట్టు వినిపించే ఆ పాటలో ఉన్నవి మూడే గొంతులు: మెర్క్యురీ, మే, టేలర్. ముగ్గురూ మళ్లీ మళ్లీ పాడి పొరలు పేర్చారు. 'బోహీమియన్ రాప్సొడీ' ఒపెరా భాగంలో ఆకాశానికి నిచ్చెన వేసినట్టు అన్నిటికంటే పైకి వెళ్లే గొంతు టేలర్‌దే. రచయితల జాబితాలో ఆయనకు సున్న వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ఆయన గొంతు తీసేస్తే ఈ సంకలనంలో పైకప్పు ఉండదు. చిత్రమేమిటంటే, జాన్ డీకన్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన రికార్డులో దాదాపు పాడడు, కానీ ఆయన రాసిన పాటలు రెండు ఇందులో ఉన్నాయి.

డ్రమ్ముల_వెనక (చెన్నై):

ఆ మందు పనిచేసింది. రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ పై గొంతునే వెతుక్కుంటూ 'సమ్‌బడీ టు లవ్' నాలుగుసార్లు విన్నాను. అయినా నా మార్పిడి నాదే, దాన్ని ఉపసంహరించుకోవడం లేదు. 'రేడియో గా గా' రాసిన మనిషికి హిట్ కోసం 1984 దాకా ఆగవలసి రావడం అన్యాయమే.

సూది_గాడి (బెంగళూరు):

'రెండో తరం' అడిగిన ప్రశ్న నన్ను కూడా ఆలోచింపజేసింది. నేను తీసేస్తానన్న మూడు పాటల్లో ఒకటి 'డోంట్ స్టాప్ మీ నౌ' అని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫోన్‌లో వినేవారికి గాడుల ఇరుకు లేదు, కాబట్టి నా ఫిర్యాదు వారికి వర్తించదు కూడా. నా మూడు పాటలనూ వెనక్కి పెట్టేస్తున్నాను. ఎల్పీని మాత్రం అలమరలోనే ఉంచి, అట్ట చూసుకుంటాను.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ):

ఇంతకీ 'కోఠీ క్యాసెట్' గారు 'సేవ్ మీ' ముగింపును ఎప్పుడు విన్నారో చెప్పలేదు.

కోఠీ_క్యాసెట్ (హైదరాబాద్):

ఉద్యోగంలో చేరి సీడీ కొన్నాక విన్నాను. అప్పటికి నా చెవి ఒకచోట ఆగిపోవడానికి ఎంతగా అలవాటు పడిందంటే, ఆ చోటు దాటి పాట ముందుకు వెళ్తుంటే ఎవరో నా గదిలోకి అడగకుండా వచ్చినట్టు అనిపించింది. హోరంతా తగ్గి, గొంతూ పియానో మాత్రమే మిగిలి, పాట మెల్లగా ఆగిపోయింది. నేను గొప్ప ప్రయోగమని చెప్పుకున్నదాని కంటే అదే బాగుంది. మిత్రులకు మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

ఈ రోజు పాత పెట్టె సర్దుతుంటే ఆ క్యాసెట్ దొరికింది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది, నా నియమాన్ని నేనే తప్పించుకునే ఆలోచన. పాటల మధ్య ఖాళీ సరిగ్గా వదిలితే 60 నిమిషాల క్యాసెట్‌లో రెండో వైపు చివర దాదాపు ఒక నిమిషం మిగులుతుంది. ఏ పాటనూ తీయకుండానే ఒక నిమిషం పాట ఏదైనా చేర్చవచ్చు కదా?

ఆల్బమ్‌వాది (గుంటూరు):

దానికి సమాధానం ఒక్కటే ఉంది, అది చెప్పడానికి నాకు ఎంతో సంతోషంగా ఉంది, ఎందుకంటే అది ఆల్బమ్‌లు విన్నవారికే తెలుస్తుంది. 'ఎ నైట్ ఎట్ ద ఓపెరా' ఆల్బమ్‌లో 'బోహీమియన్ రాప్సొడీ' ముగిశాక, బ్రయన్ మే గిటార్ల మీద కూర్చిన బ్రిటన్ జాతీయ గీతం 'గాడ్ సేవ్ ద క్వీన్' వస్తుంది. నిమిషం పైన కొన్ని సెకన్లే. 'కచేరీ పద్ధతి' అన్నారు కదా, కచేరీలో 'వి ఆర్ ద ఛాంపియన్స్' అయ్యాక వేదిక మీద నలుగురూ నమస్కరిస్తుంటే వినిపించేది అదే. మీ క్యాసెట్ దానితో ముగిస్తే, ఈ సంకలనానికి నేను కూడా ఒప్పుకుంటాను.

సూది_గాడి (బెంగళూరు):

60 నిమిషాల క్యాసెట్లలో టేపు చెప్పినదాని కంటే కొన్ని సెకన్లు ఎక్కువే ఉండేది కాబట్టి అది పడుతుంది. రికార్డు చేసేటప్పుడు టేపు మొదట్లో ఉండే రంగు పట్టీ దాటిన వెంటనే మొదలుపెట్టండి, పాటల మధ్య రెండు సెకన్లకు మించి వదలకండి.

కోఠీ_క్యాసెట్ (హైదరాబాద్):

టేప్‌రికార్డర్ పనిచేస్తోంది, ఇప్పుడే చూశాను. ఖాళీ క్యాసెట్ మాత్రం ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదు. కోఠీలో ఆ దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

డ్రమ్ముల_వెనక (చెన్నై):

నా దగ్గర సీలు విప్పని 60 నిమిషాలవి రెండు ఉన్నాయి. చిరునామా విడిగా సందేశంలో పంపండి, పోస్టులో వేస్తాను. రెండోది మీరు ఉంచుకోవచ్చు గాని, దాని మీద 'ప్లే ద గేమ్' ఉండకూడదు, దాని చోట ఏ పాట ఉండాలో మీకు తెలుసు.